లైసెన్సు ముందు, లోను తర్వాత
(మహాజన సభలో సమాఖ్య పాలకవర్గం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

పొద్దున్నే వంట చేసి, గేదెలకు మేత వేసి, గిద్దలూరు, కంభం, బేస్తవారిపేట, తర్లుపాడు, దోర్నాల వైపుల నుంచి బస్సులెక్కి వచ్చారు. పొదుపు, అప్పులు, వసూళ్ల లెక్కలు నివేదికలో వేరే పేజీల్లో ఉన్నాయి. వాటిని మళ్లీ చదివి మీ పొద్దు పుచ్చం. ఈసారి ఒక్క విషయమే మాట్లాడుకుందాం. అది డ్రైవింగ్ సంగతి. లారీ, మినీ లారీ, ట్రాలీ బండి తోలడం మనలో ఎవరికైనా బతుకుదెరువు అవుతుందా, అయితే ఏ దారిన పోవాలి అన్నది.

ఈ మాట ఎందుకు వచ్చిందో చెప్తాం. ఒక గ్రామ సంఘం నుంచి మాకు ఒక దరఖాస్తు వచ్చింది. ఆ సభ్యురాలి ఇంటాయన లారీ డ్రైవరు. నడుము దెబ్బతిని ఇక బండి ఎక్కలేనని ఇంట్లో కూర్చున్నాడు. ఉన్న చిన్న బండి వాకిట్లో నిలబడి ఉంది, కిస్తీ మాత్రం నెలనెలా వస్తోంది. ఆమె గ్రూపులో, "బండి అమ్మితే అప్పు తీరదు. డ్రైవర్ని పెడితే మిగలదు. నేనే నేర్చుకుని తోలతా. ముందు చిన్న బండి, తర్వాత లారీ" అంది. గ్రూపులో పది మంది ఉంటే అయిదుగురు సరేనన్నారు, అయిదుగురు వద్దన్నారు. గ్రామ సంఘం తేల్చలేక మాకు పంపింది. ఆమె పేరు ఇక్కడ చెప్పం, చెప్పాల్సిన పని కూడా లేదు. రేపు ఈ దరఖాస్తు ఏ ఊరి నుంచైనా రావచ్చు.

మన పడమటి మండలాల సంగతి మీకు కొత్త కాదు. వానను నమ్ముకున్న చేలు, ఎండిపోయే బోర్లు, ఫ్లోరైడు నీళ్లు. 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ నీళ్ల కోసం ఎదురుచూస్తూ ఒక తరం పెరిగి పెద్దదైంది. ఒకప్పుడు మార్కాపురం పలక మీద అ ఆలు దిద్దని బడి లేదు. నోటు పుస్తకాలు వచ్చి, ప్లాస్టిక్ పలకలు వచ్చి ఆ పనీ తగ్గిపోయింది. మిగిలింది హైదరాబాదులో, బెంగుళూరులో కట్టుబడి పనికి పోవడం, మిర్చి కోతలకు గుంటూరు, పల్నాడు వైపు పోవడం. అందుకే చదువు ఆగిన మగపిల్లలు లారీ క్లీనర్లుగా చేరి డ్రైవర్లవుతున్నారు. మనకు రెండు పెద్ద రోడ్లున్నాయి. గుంటూరు నుంచి వినుకొండ, కంభం, గిద్దలూరు మీదుగా నల్లమల దాటి నంద్యాల వైపు పోయేది ఒకటి. మాచర్ల నుంచి ఎర్రగొండపాలెం, మార్కాపురం, కనిగిరి మీదుగా పోయేది ఇంకొకటి. రాత్రీ పగలూ లారీలు కళ్ల ముందే తిరుగుతుంటే, అందులో కూలి కన్నా మంచి బతుకు ఉందేమో అనిపించడం సహజం. దూరపు కొండలు నునుపు అని పెద్దలు ఊరికే అనలేదు. దగ్గరికి పోయి చూసి మాట్లాడుకుందాం.

ఆడవాళ్లు తోలగలరా?

ఈ ప్రశ్న మీద ఎక్కువసేపు ఆగనక్కర్లేదు. తోలుతున్నారు. భోపాల్‌లో ఉండే యోగితా రఘువంశీ కామర్సు, లా చదివిన మనిషి. భర్త రోడ్డు ప్రమాదంలో చనిపోయాక ఇద్దరు పిల్లలను పెంచడానికి ముందు డ్రైవర్లను పెట్టి లారీ నడిపించారు. ఒకసారి హైదరాబాదు దగ్గర బండికి ప్రమాదం జరిగి డ్రైవరు వదిలేసి పోతే, తానే వచ్చి బండి బాగు చేయించుకుని తీసుకుపోయారు. ఆ తర్వాతే స్టీరింగ్ నేర్చుకున్నారు. కేరళలో త్రిస్సూరు వైపు డెలిషా డేవిస్ అనే అమ్మాయి ఎంకాం చదువుతూనే పెట్రోలు ట్యాంకరు తోలింది. ఆమె తండ్రి అదే పనిలో ముసలివాడైన డ్రైవరు. ఆయన పక్కన కూర్చునే నేర్చుకుంది. అదే కేరళలో జెలజ రతీష్ భర్తతో కలిసి, ఇద్దరూ మార్చి మార్చి తోలుతూ కాశ్మీరు దాకా లారీ తీసుకుపోయి వచ్చారు. మన తెలుగమ్మాయి, నల్గొండ వైపు తండాలో పుట్టిన వంకుడోతు సరిత 2015లో ఢిల్లీ సిటీ బస్సుకు మొదటి మహిళా డ్రైవరైంది. పదేళ్ల తర్వాత 2025లో సొంత రాష్ట్రానికి వచ్చి తెలంగాణ ఆర్టీసీ బస్సు ఎక్కింది.

ఈ నలుగురి పేర్లూ ఎవరైనా చెప్పుకోగలరు. మనం గమనించాల్సింది ఇంకొకటి ఉంది. వీళ్లలో ఎవరూ ఒక్కరోజులో, ఒంటరిగా లారీ ఎక్కలేదు. ఒకామె ముందు యజమానిగా లెక్కలు తెలుసుకుంది. ఒకామె తండ్రి పక్కన నేర్చింది. ఒకామె భర్తతో పంచుకుంది. ఒకామె శిక్షణ తీసుకుని జీతం ఉద్యోగంలో చేరింది. దారులు నాలుగైనా, నాలుగింటిలోనూ నేర్చుకోవడానికి కొంత కాలం పట్టింది, పక్కన ఎవరో ఒకరు నిలబడ్డారు.

కాబట్టి "ఆడమనిషి లారీ తోలితే ఊరేమనుకుంటది" అన్న మాటను పక్కన పెడదాం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా వద్దని ఆడవాళ్లు లేచినప్పుడు ఊరు ఏమందో మన పెద్దక్కలకు తెలుసు. పొదుపు డబ్బు పట్టుకుని మొదటిసారి బ్యాంకు మెట్లెక్కినప్పుడు ఏమందో మనకే తెలుసు. ఊరి మాటకు రెండు మూడేళ్ల ఆయుష్షు. అప్పుకు అయిదేళ్ల ఆయుష్షు. మనం చూసుకోవాల్సింది అప్పును.

చట్టం పెట్టిన మెట్లు

మొదట లైసెన్సు సంగతి. 18 ఏళ్లు నిండితే చిన్న వాహనాలకు లైసెన్సు తీసుకోవచ్చు. ముందు ఎల్‌ఎల్‌ఆర్ తీసుకోవాలి. అది ఆరు నెలలు చెల్లుతుంది. ముప్పై రోజులు గడిచాక తోలి చూపించే పరీక్షకు పోవచ్చు. లారీ లాంటి పెద్ద రవాణా బండికి 20 ఏళ్లు నిండాలి, చిన్న వాహనాల లైసెన్సు చేతికొచ్చి కనీసం ఏడాది కావాలి. ఆ తర్వాతే దానికి ఎల్‌ఎల్‌ఆర్ ఇస్తారు. డ్రైవింగ్ స్కూలు ఇచ్చే శిక్షణ సర్టిఫికెట్టు, డాక్టరు సర్టిఫికెట్టు కూడా కావాలి. రవాణా బండ్ల లైసెన్సు అయిదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి.

చదువు లేదని వెనకాడే అక్కలకు ఒక మాట. రవాణా బండ్లకు ఎనిమిదో తరగతి పాసై ఉండాలన్న నిబంధనను కేంద్రం 2019లో తీసేసింది. అయితే రోడ్డు గుర్తులు, దారి బోర్డులు, వేబిల్లు చదవగలిగితేనే మనకు భద్రం. నేర్చుకోవాలనుకునే అక్క రోజుకు అరగంట అక్షరాల మీద కూర్చుంటే అది కూడా డ్రైవింగ్ శిక్షణలో భాగమే.

ఇంకో మంచి సంగతి చాలామందికి తెలియదు. లోడుతో కలిపి మొత్తం బరువు 7,500 కిలోలు మించని సరుకు బండిని మామూలు చిన్న వాహనాల లైసెన్సుతోనే తోలవచ్చు, వేరే బ్యాడ్జి అక్కర్లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో తేల్చిచెప్పింది. అంటే మన ఊళ్లలో తిరిగే టాటా ఏస్, బొలెరో పికప్ లాంటి బండ్లన్నీ ఇందులోకే వస్తాయి. ఇంట గెలిచి రచ్చ గెలవాలన్నారు. లారీకి ముందు చట్టం ఆపే ఆ ఏడాదిని వృథా కాలం అనుకోవద్దు. చిన్న బండి మీద మన మండలంలోనే తిరిగి, ఈ పని మన ఒంటికీ ఇంటికీ సరిపడుతుందా లేదా అని తేల్చుకునే ఏడాది అది.

నేర్చుకోవడానికి ఖర్చు భయం ఉంటే, బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల కోర్సుల్లో చిన్న వాహనాల డ్రైవింగ్ కూడా ఉంది. ఆ శిక్షణ ఉచితం. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు లేదు గనక రానుపోను చార్జీల బాధ కూడా తగ్గింది. మీ సీసీని అడిగి, వచ్చే బ్యాచి ఎప్పుడో తెలుసుకోండి.

బండి లెక్క

ఇప్పుడు డబ్బు. ఇక్కడ మేము చెప్పేది నమూనా లెక్క. మీ బండికి, మీ దారికి మీరే అంకెలు మార్చుకుని కట్టుకోండి.

ఒక పికప్ బండికి 8 లక్షల అప్పు తెచ్చామనుకుందాం. నూటికి ఏడాదికి 11 రూపాయల వడ్డీ, అయిదేళ్ల గడువు. నెల కిస్తీ సుమారు 17,400 రూపాయలు. నెలకు 25 రోజులు బండి తిరిగితే రోజుకు 700 దాకా కిస్తీకే పోతుంది. రోజుకు 100 కిలోమీటర్లు, లీటరుకు 12 కిలోమీటర్లు వస్తే, డీజిలు లీటరు 97 రూపాయల చొప్పున 810 రూపాయలు. టైర్లు, ఇన్సూరెన్సు, పన్ను, ఎఫ్‌సీ, రిపేర్లకు రోజుకు 300 పక్కన పెట్టాలి. మొత్తం 1,810. ఇందులో తోలిన మనిషి కూలి లేదు. మన కూలి 600 వేసుకుంటే 2,410. అంటే రోజుకు 2,410 రూపాయల బాడుగ వచ్చినా, మనకు మిగిలింది కూలి డబ్బే. లాభం ఆ పైన మొదలవుతుంది.

అదే బండి నెలకు 15 రోజులే తిరిగిందనుకోండి. కిస్తీ తగ్గదు, ఇన్సూరెన్సు తగ్గదు. రోజుకు కిస్తీ 1,160 అవుతుంది. పక్కన పెట్టాల్సిన 300 కాస్తా 500 అవుతుంది. డీజిలు, కూలి కలిపితే తిరిగిన ప్రతి రోజూ 3,070 రావాలి. ఇక్కడే చాలా ఇళ్లు మునిగాయి. బాడుగ ఎంత ఇస్తారని అందరూ అడుగుతారు. నెలకు ఎన్ని రోజులు లోడు ఉంటుందని అడిగేవాళ్లు తక్కువ. మనం రెండోది అడగాలి.

మన ప్రాంతంలో లోడు ఎప్పుడూ ఒకే మాదిరి ఉండదు. మిర్చి కోతలప్పుడు గుంటూరు యార్డుకు ఒక ఊపు, పొదిలి, కనిగిరి వేలం కేంద్రాలు నడిచే నెలల్లో పొగాకు బేళ్ల ఊపు. కందులు, పత్తి వాటి కాలానికి వస్తాయి. ఎండాకాలం తాగునీటి ట్యాంకర్ల పని. వానాకాలం మొదట్లో విత్తనాలు, ఎరువులు. మధ్యలో ఖాళీ నెలలుంటాయి. ఏ నెలలో ఏ సరుకు, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎవరు ఇస్తారు అని పన్నెండు నెలలకూ ఒక కాగితం మీద రాసుకోండి. ఆ కాగితంలో ఆరు గళ్లు ఖాళీగా ఉంటే బండి కొనే కాలం ఇంకా రాలేదన్నమాట. పోయేటప్పుడు లోడు ఉండి, వచ్చేటప్పుడు ఖాళీగా వస్తే డీజిలు రెండు వైపులా మనదే. రిటర్న్ లోడు మాట్లాడుకోకుండా బయల్దేరకూడదు.

ఒక్క కాంట్రాక్టునే నమ్ముకుని బండి కొనడం ఎట్లా ఉంటుందో మన రాష్ట్రంలోనే చూశాం. 2021 జనవరిలో ఇంటింటికీ రేషను ఇవ్వడానికి 9,260 బండ్లు మొదలుపెట్టారు. 2025 జూన్ నుంచి ఆ పద్ధతి ఆగిపోయి, మళ్లీ రేషను షాపులకే పోయింది. అది మంచా చెడ్డా అన్నది వేరే చర్చ. ఆ పనినే నమ్ముకుని ఆ బండ్లు తోలిన వాళ్లు ఒక్కరోజులో వేరే పని వెతుక్కోవాల్సి వచ్చింది. పాల కేంద్రం కావచ్చు, కంపెనీ కావచ్చు, సర్కారు పథకం కావచ్చు. ఒకే చోటి నుంచి లోడు వచ్చే బండికి రెండో దారి చూసుకోవాలి.

కాగితం మీద ఎవరి పేరు?

ఇది అందరూ చెవిన పెట్టాల్సిన సంగతి, డ్రైవింగ్ నేర్చుకోవాలని లేనివాళ్లు కూడా. మన ఇళ్లలో చాలా బండ్లు మన పేరు మీదే ఉన్నాయి. లోను ఆడవాళ్లకు తొందరగా వస్తుందని, గ్రూపు అప్పు మనకే ఇస్తారని, బండి మన పేరున కొని ఇంటాయన తోలుతుంటాడు. సంతకం మనది, స్టీరింగ్ ఆయనది.

బండి ఇన్సూరెన్సులో యజమాని-డ్రైవరు ప్రమాద బీమా అని 15 లక్షల రూపాయలది ఒకటి ఉంటుంది. అది బండి ఎవరి పేరున ఉందో వాళ్లకే, అదీ చెల్లే లైసెన్సు ఉంటేనే వర్తిస్తుంది. బండి భార్య పేరున ఉండి, భర్త తోలుతూ ప్రమాదంలో పోతే ఆ 15 లక్షలు రావు. భార్యకు లైసెన్సే లేకపోతే ఆమెకూ అది వర్తించదు. తోలే మనిషికి వేరేగా బీమా చేయించారో లేదో పాలసీ కాగితంలో చూడాలి. ఇంకోటి, ఇన్సూరెన్సు గడువు దాటిన రోజున బండి ఎవరినైనా గుద్దితే నష్టపరిహారం కట్టమని కోర్టు కాగితం బండి యజమాని పేరున వస్తుంది. అంటే మన పేరున. తోలింది నేను కాదు అంటే కుదరదు.

ఈ సభ అయ్యాక ఇంటికి పోయి మీ ఇంట్లో ఉన్న బండి ఆర్‌సీ, ఇన్సూరెన్సు తీసి చూడండి. పేరు ఎవరిది, గడువు ఏ తారీఖు, డ్రైవరుకు బీమా ఉందా. చదవడం రాకపోతే యానిమేటరు దగ్గరికి తీసుకుపోండి. వీటితో పాటు ఏడాదికి 20 రూపాయలు, 436 రూపాయలు కట్టే ప్రధానమంత్రి బీమాలు రెండూ బ్యాంకు ఖాతాలో ఉన్నాయో లేదో చూసుకోండి. ఒక్కోదానికి 2 లక్షలు వస్తాయి. మొదటిది ప్రమాదానికి, రెండోది ఏ కారణంతో పోయినా.

వెనక ఎక్కే మనుషులు

చిన్న సరుకు బండి కొన్న మొదటి వారంలోనే వచ్చే బేరం ఒకటుంది. "అక్కా, పొద్దున మిర్చి కోతకు ఇరవై మందిమి పోవాల, ఎక్కించుకుపో, మనిషికింత ఇస్తాం." అడిగేది మన గ్రూపు వాళ్లే. కాదనడం కష్టం. సరుకు బండిలో మనుషులను ఎక్కించడం చట్టానికి విరుద్ధం. అట్లా ఎక్కిన కూలీలకు ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు కంపెనీ పరిహారం కట్టనక్కర్లేదని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. సరుకుతో పాటు దాని యజమాని వస్తే ఆ సంగతి వేరు. కూలి బండ్లు బోల్తాపడిన వార్తలు పేపర్లో ప్రతి కోతల కాలంలో చదువుతూనే ఉన్నాం. ఆ బండి మనదైతే, ఎక్కినవాళ్లు మన సంఘం అక్కలైతే, ఆ ఊళ్లో మళ్లీ తలెత్తుకుని తిరగలేం. ఈ బేరం ఒప్పుకోకూడదు. ఓవర్‌లోడు కూడా అంతే. అనుమతించిన బరువు దాటితే కేంద్ర చట్టంలో 20,000 రూపాయల జరిమానా, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2,000. రాయి ఎత్తినప్పుడు ఇంకాస్త వేసుకో, ఏం కాదు అనేవాళ్లు జరిమానా కట్టడానికి రారు.

పెద్ద లారీ, దూరపు దారి

ఇక పెద్ద లారీ. సొంతంగా కొనకుండా జీతానికి తోలితే అప్పు భయం లేదు. కానీ కష్టం ఒంటి మీద పడుతుంది. సేవ్‌లైఫ్ ఫౌండేషన్ అనే సంస్థ 2020లో లారీ డ్రైవర్ల మీద విడుదల చేసిన అధ్యయనంలో, ఒక డ్రైవరు సగటున రోజుకు దాదాపు 12 గంటలు, 417 కిలోమీటర్లు తోలుతున్నాడని తేలింది. నిద్ర ముంచుకొస్తున్నా తోలుతున్నామని సగం మంది దాకా ఒప్పుకున్నారు. రోజుకు 8 గంటల పని అని చట్టంలో 1961 నుంచే ఉంది. రోడ్డు మీద మాత్రం సరుకు ఎప్పటికి చేరాలన్నదే చట్టం. మన ఇళ్లలో డ్రైవర్ల భార్యలకు ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. రాత్రి రెండు గంటలకు ఫోను మోగితే గుండె జారేది వాళ్లకే.

ఆడమనిషికి దీనిపైన ఇంకొన్ని ఉన్నాయి. స్నానానికి, మరుగుదొడ్డికి చోటు. నెలసరి రోజులు. లోడు దిగేదాకా గోడౌను దగ్గర రాత్రంతా ఆగాల్సి రావడం. బండి చెడిపోతే ఎవరిని పిలవాలి. పెట్రోలు బంకుల్లో మరుగుదొడ్లు ఉండాలని నిబంధన ఉంది. అవి ఎక్కడ శుభ్రంగా ఉన్నాయి, ఎక్కడ తాళం వేసి ఉంటాయి అన్నది ఆ దారిన తిరిగే ఆడవాళ్లే ఒకరికొకరు చెప్పుకోవాలి. నల్లమల అడవి దారుల సంగతి కూడా తెలిసుండాలి. దోర్నాల నుంచి శ్రీశైలం, ఆత్మకూరు వైపు రాత్రిపూట రాకపోకలకు ఆంక్షలుంటాయి. గిద్దలూరు నుంచి నంద్యాల ఘాటులో మలుపులు అలవాటు లేని చేతికి ప్రమాదం. కొంచెం మంచి మార్పులూ వస్తున్నాయి. కొత్తగా తయారయ్యే మధ్యరకం, పెద్ద లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి చేశారు. ఇప్పటి బండ్లకు పవర్ స్టీరింగ్ ఉంది గనక, బలం లేదన్న మాట ఇక నిలబడదు. బలం కన్నా చూపు, ఓర్పు, నిద్ర ముఖ్యం. కంటి పరీక్ష, బీపీ, షుగరు పరీక్షలు చేయించుకున్నాకే ఈ ఆలోచన ముందుకు తీసుకుపోవాలి.

దూరపు లారీ వద్దనుకుంటే డ్రైవింగే వద్దని కాదు. స్కూలు వ్యాన్లు, పాల బండ్లు, నీళ్ల ట్యాంకర్లు, వేర్‌హౌసుల నుంచి షాపులకు పోయే బండ్లు ఉన్నాయి. పొద్దున పోయి సాయంత్రానికి ఇంటికి చేరే పనులు ఇవి. చంటి పిల్లలున్న అక్కలకు, ముసలి అత్తమామలను చూసుకునేవాళ్లకు ఇవే నప్పుతాయి.

ఇంట్లో అడగాల్సినవి

ఆమె తోలడానికి పోతే ఇంటి పని ఎవరు చేస్తారు? ఇది నవ్వులాట ప్రశ్న కాదు. భర్త డ్రైవరుగా పోయినప్పుడు భార్య ఇల్లు, పిల్లలు, పొలం అన్నీ మోసింది గనక ఆయన నిశ్చింతగా పోగలిగాడు. ఇప్పుడు భార్య పోతే ఆ నిశ్చింత ఆమెకు ఎవరిస్తారు? వంట ఎవరిది, బడికి ఎవరు పంపుతారు, జబ్బు మనిషిని ఆసుపత్రికి ఎవరు తీసుకుపోతారు అని ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి పేరు పేరునా తేల్చుకోవాలి. పన్నెండు గంటలు తోలి వచ్చి మళ్లీ పొయ్యి దగ్గర కూర్చునే మనిషి మరునాడు స్టీరింగ్ మీద నిద్రపోతుంది. ఇంకొకటి, బాడుగ డబ్బు ఎవరి చేతికి వస్తుంది? బండి తోలే మనిషి ఖాతాలోకే రావాలి. దీని మీద ఇంట్లో మాట కుదరకపోతే లోను మీద సంతకం పెట్టవద్దు.

పాలకవర్గం సభ ముందు పెడుతున్న మాట

ఆ దరఖాస్తు మీద మేము రెండు సమావేశాలు కూర్చున్నాం. ఆమెకు వద్దు అనలేదు. పెద్ద లారీకి లోను వెంటనే ఇవ్వండి అని కూడా రాయలేదు. ఆమెకూ, ఆమె తర్వాత వచ్చేవాళ్లకూ ఒకే పద్ధతి ఉండాలని ఈ అయిదు మాటలు రాసుకున్నాం.

ఒకటి. డ్రైవింగ్ నేర్చుకుని లైసెన్సు తీసుకోవడానికి అయ్యే ఖర్చుకు గ్రూపు సొంత పొదుపు నుంచి చిన్న అప్పు ఇవ్వాలి. దీనికి ఎక్కువ ప్రశ్నలు వేయనక్కర్లేదు. బండి కొనకపోయినా లైసెన్సు చేతిలో ఉంటుంది.

రెండు. నేర్చుకునేవాళ్లు ఒక్కరు కాకుండా పక్కపక్క ఊళ్ల నుంచి ముగ్గురు నలుగురు కలిసి చేరాలి. తోడు ఉంటే ఇంట్లో పంపుతారు, ఊళ్లో మాట తగ్గుతుంది, రేపు ఒకరి బండి చెడితే ఇంకొకరు వస్తారు.

మూడు. కొత్త బండికి లోను అడిగేవాళ్లు లైసెన్సు వచ్చాక కనీసం మూడు నెలలు అద్దె బండి గానీ, ఇంట్లో ఉన్న బండి గానీ తోలి, రోజూ లోడు, బాడుగ, డీజిలు రాసిన పుస్తకం గ్రామ సంఘం ముందు పెట్టాలి. ఆ పుస్తకం చూసే లోను మాట్లాడాలి.

నాలుగు. బండి ఎవరి పేరున ఉందో, ఎవరు తోలుతున్నారో, ఇన్సూరెన్సు ఎప్పటిదాకా ఉందో గ్రామ సంఘం ఏడాదికి ఒకసారి చూడాలి. ఇది కొత్తవాళ్లకే కాదు, ఇప్పటికే బండి అప్పు ఉన్న ప్రతి సభ్యురాలికి.

అయిదు. పెద్ద లారీకి పోవాలనుకునే అక్క చిన్న బండి మీద ఏడాది పూర్తి చేశాక, అప్పటి మాట అప్పుడు. ముందు జీతానికి తోలి చూడాలి, కొనడం ఆ తర్వాత.

దరఖాస్తు పెట్టిన చెల్లెలు ఇందులో మొదటి మాట, మూడో మాట ఒప్పుకుంది. ఎల్‌ఎల్‌ఆర్ తీసుకుంది. వాకిట్లో ఉన్న బండి కిస్తీ గడువు పెంచమని బ్యాంకుతో మాట్లాడే బాధ్యత గ్రామ సంఘం తీసుకుంది. ఆమె తోలగలదా అని ఆ ఊళ్లో ఇంకా అడుగుతూనే ఉన్నారు. ఆ సంగతి పరీక్ష రోజున తెలుస్తుంది. పుస్తకంలో అంకెలు ఎట్లా వస్తాయన్నది ఆ తర్వాత మూడు నెలలకు తెలుస్తుంది. అప్పటిదాకా ఆమెను పొగడనూ వద్దు, ఆపనూ వద్దు.

అక్కల్లారా, చెల్లెళ్లారా! ఈ అయిదు మాటల మీద మీ అభిప్రాయం కావాలి. మీ గ్రామ సంఘం వచ్చే నెల సమావేశంలో ఈ పేజీలు చదివి వినిపించండి. బండి లెక్కలో మీ ఊరి బాడుగలు వేసి కట్టి చూడండి. మా లెక్కలో తేడా ఉంటే రాసి పంపండి. డ్రైవర్ల భార్యలు ముందుకొచ్చి మాట్లాడాలని ప్రత్యేకంగా కోరుతున్నాం. ఈ పని గురించి మన అందరికన్నా వాళ్లకే ఎక్కువ తెలుసు. తీర్మానం చేసి, సంతకాలతో సీసీ ద్వారా సమాఖ్యకు పంపితే, అన్నీ కలిపి పాలకవర్గం ఖరారు చేస్తుంది.

భోజనాలయ్యాక గిద్దలూరు వైపు బస్సు మూడున్నరకు ఉంది, ఎవరూ మిస్సు కావద్దు.